కారణం అన్నచోట కరువు

మొన్న కదిరి వైపు నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పిల్లలు లేనివాళ్ళకు వైద్యం చేసే ఆసుపత్రిలో కౌన్సిలర్‌గా కొత్తగా చేరిందట. అదే పని నేను పదేళ్ళు చేశానని ఎవరో చెప్పి పంపారు. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టీ పెట్టగానే నోటుబుక్కు తీసి, "వేరేవాళ్ళ బిడ్డను కడుపులో మోయడానికి ఆడవాళ్ళు ఎందుకు ఒప్పుకుంటారు మేడమ్?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. ఆ ఒక్క ప్రశ్న అడగడానికే నాకు పదేళ్ళు జీతమిచ్చారు. అందులో మొదటి మూడేళ్ళు తప్పు జవాబు రాసుకుంటూ పోయాను. కింద సంతకం కూడా పెట్టాను. ఆ అమ్మాయికి రెండు ముక్కల్లో చెప్పడం చేతకాక, తీరిగ్గా రాసిస్తానని మాటిచ్చాను.

నేను చెప్పేది సరోగసీ మీద ఈ కొత్త చట్టం రాకముందు సంగతి. అప్పట్లో డబ్బు తీసుకుని మోసేవాళ్ళు, అందరికీ తెలిసే మోసేవాళ్ళు. ఇప్పుడు డబ్బు మాట కుదరదు. అయినా నీ ఎదురుగా బెంచీ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది, ఆమె మనసులో ఏముందో నువ్వు తెలుసుకోవాలి. ఆ పని అప్పుడెంత కష్టమో ఇప్పుడూ అంతే.

కేసులు

నా మొదటి ఉద్యోగం సర్కారు నర్సమ్మ. కంబదూరు చుట్టుపక్కల పల్లెల్లో బస్సున్న చోట బస్సులో, లేని చోట కాలినడకన తిరిగి సూదులు వేసేదాన్ని, కాన్పులు చేసేదాన్ని. తొంభైల చివర్లో వీటన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి ఉండేది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి ఆడవాళ్ళను క్యాంపుకు తీసుకురావడం. వాళ్ళను మేము మనుషులు అనేవాళ్ళం కాదు, కేసులు అనేవాళ్ళం. "ఈ నెల ఎన్ని కేసులమ్మా?" అన్నదే మా పెద్ద డాక్టరు పలకరింపు. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆయన పైవాళ్ళు ఆయన్నీ అదే అడిగేవాళ్ళు. మీటింగులో కేసులు తక్కువైన నర్సును లేపి నిలబెట్టేవాడు. నేను ఒక్కసారి కూడా నిలబడలేదు. ఆ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

నా పద్ధతి చెబుతాను, దాచుకోవడానికేం లేదు. ఆపరేషన్ చేయించుకోవలసిన మనిషితో ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. ఆమె అత్తతో మాట్లాడేదాన్ని. చేను ఎట్లుందమ్మా, బోరులో నీళ్ళు వస్తున్నాయా, ఇంట్లో జొన్నలు ఎన్నాళ్ళకు సరిపోతాయి అని వరసగా అడిగితే చాలు. మిగతా మాటలన్నీ అత్తే చెప్పేది.

అంజినమ్మను అట్లాగే తెచ్చాను. అప్పటికామెకు ఇరవై రెండేళ్ళు. మొగుడు తిప్పేస్వామి, ఇద్దరు పిల్లలు, చిన్నదింకా చంకలోనే ఉంది. నేను పోయేసరికి ఇంటి ముందు కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తోంది. ఆపరేషన్ మాట ఎత్తగానే తల ఎత్తకుండానే చెప్పింది.

"ఇంగొక కాన్పు చూసుకుంటానక్కా."

ఎందుకని నేను అడగలేదు. ఈ ఇద్దరికే సంగటి లేదు, మూడోది యాడ సాకుతావు అన్నాను. అత్త నా మాట అందుకుంది. గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్న తిప్పేస్వామి, సిస్టరక్క మన మంచికే చెబుతుందన్నాడు. పది రోజులకు హైస్కూలు వరండాలో క్యాంపు జరిగింది. జంపఖానాల మీద వరసగా పడుకోబెట్టిన ఆడవాళ్ళలో అంజినమ్మ కూడా ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అయిపోయిందా అక్కా అని అడిగింది. అయిపోయిందన్నాను. ముఖం గోడవైపు తిప్పుకుంది. మత్తు ఇంకా దిగలేదేమో అనుకుని పక్కామె దగ్గరికి పోయాను.

ఆ ఆపరేషన్లు తప్పని నేను చెప్పడం లేదు. ఆరో కాన్పు, ఏడో కాన్పు తప్పించినందుకు నాకు దండం పెట్టినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. అడగకుండా తీసుకుపోయానే, దాని గురించి చెబుతున్నాను.

కుర్చీలో కూర్చునే ఉద్యోగం

సర్వీసు ఇరవై ఏళ్ళు నిండగానే మోకాళ్ళు మొరాయించాయి. స్వచ్ఛందంగా విరమించుకుని అనంతపురం వచ్చేశాను. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. ఆసుపత్రి నడిపేది ఒక డాక్టరమ్మ. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. చేతివాసి మంచిది, మాటలో మెత్తదనం మాత్రం వెతుక్కోవాలి.

సరోగసీ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. గర్భసంచీ లేకనో, ఉన్నా నిలబడకనో బిడ్డను మోయలేని ఆడవాళ్ళు కొందరుంటారు. ఆ భార్యాభర్తల నుంచే అండాన్నీ వీర్యాన్నీ తీసుకుని బయట పిండం తయారుచేసి, దాన్ని ఇంకొక ఆమె గర్భంలో పెడతారు. తొమ్మిది నెలలు ఆమె మోస్తుంది, కన్నాక బిడ్డ వాళ్ళది. మా దగ్గర అంత పెద్ద ల్యాబు లేదు. పిండం పెట్టడం వరకు బెంగుళూరులో జరిగేది. తర్వాత తొమ్మిది నెలలూ చూసుకోవడం, కాన్పు చేయడం మా ఆసుపత్రిలో. అద్దె గర్భం అని పత్రికల్లో రాసేవాళ్ళు. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు కదిలితే గోడలకు తెలియదు.

మోయడానికి వచ్చిన ఆమె తన ఇష్టంతో వచ్చిందా, ఎవరైనా తోసుకొచ్చారా అన్నది తేల్చడం నా పని. నేను సరేనని సంతకం పెడితేనే మేడమ్ పరీక్షలు మొదలుపెడుతుంది. నా ఫారంలో కారణం అని ఒక గడి ఉండేది. ఎందుకు వచ్చినావమ్మా అని అడిగేదాన్ని. కరువక్కా, చేను ఎండిపాయె అనేవాళ్ళు. ఆ గడిలో కరువు అని రాసేదాన్ని. నేను తిరిగిన పల్లెలే కాబట్టి నాకు అనుమానమేం రాలేదు.

ఆ రోజుల్లోనే తనకల్లు నుంచి ఒకామె వచ్చింది. సొంత అక్క బిడ్డను మోస్తానంది. డబ్బు మాటే లేదు. నా మనసు పొంగిపోయింది. ఆమెకు కాఫీ తెప్పించి, ఇంత మంచి మనసు ఎంతమందికి ఉంటుందమ్మా అని మెచ్చుకుని, పది నిమిషాల్లో సంతకం పెట్టేశాను. ఐదో నెలలో ఆమె మాట్లాడడం మానేసింది. తిండి పెడితే తింటుంది, మందులిస్తే మింగుతుంది, అంతే. చాలా రోజులు పక్కన కూర్చుంటే ఒకనాడు నోరు విప్పింది. "మా నాయన అన్నం తింటా తింటా చెప్పినాడక్కా, చెల్లెలు మోస్తాదిలే అని. ఆయన చెయ్యి కడుక్కునేలోపల అయిపాయె" అంది.

బిడ్డ క్షేమంగా పుట్టింది. అక్కచెల్లెళ్ళు మాత్రం చాలా ఏళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. డబ్బు తీసుకోకుండా చేసేదంతా ఇష్టంతో చేసేదేనని అనుకోవద్దు. ఇప్పుడు దగ్గర చుట్టాలే మోయాలంటున్నారు కాబట్టి కొత్తగా వచ్చేవాళ్ళు ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. పరాయివాళ్ళకైతే కాదని చెప్పి బస్సెక్కి పోవచ్చు. అన్నం తింటున్న నాయనకు కాదని చెప్పడం కష్టం.

రెండోసారి వద్దన్నాను

అంజినమ్మ ఆ తర్వాత వచ్చింది. గుర్తుపట్టడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ముప్పై దాటింది, చిక్కింది, జుట్టు పలచబడింది. తిప్పేస్వామి వెనకాల టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడ్డాడు. "సిస్టరక్కా, నువ్వు ఈడుండావా?" అని సంతోషంగా నా చెయ్యి పట్టుకుంది. అప్పటి ఆపరేషన్‌లో కట్టింది గర్భసంచీకి పోయే గొట్టాలనే, గర్భసంచీ గట్టిదే కాబట్టి, వేరేవాళ్ళ పిండాన్ని మోయడానికి అడ్డం లేదు. ఆ సంగతి ఆమె కనుక్కునే వచ్చింది.

ఎందుకు వచ్చినావని అడిగాను. అందరి మాటే చెప్పింది. కరువు, బోరు, చేను. చెబుతూ నా వైపు చూడకుండా తిప్పేస్వామి వైపు చూసింది. నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. మొగుడు పంపిస్తున్నాడు. ఒకసారి నేను ఈమె మాట వినకుండా తీసుకుపోయాను, ఇప్పుడు మొగుడు తీసుకొచ్చాడు, ఈసారైనా ఈమెను నేను కాపాడాలి. తనకల్లు ఆమె ముఖం కళ్ళ ముందే ఉంది. ఫారం మీద తగదు అని రాసి, ఇంటికి పొమ్మన్నాను. లోపల నాకు ఎంతో తృప్తిగా ఉంది. పాత తప్పు దిద్దుకున్నానన్న తృప్తి.

మూడో రోజు అంజినమ్మ ఒక్కతే వచ్చింది. మొగుణ్ణి ఇంట్లోనే వదిలేసి, కళ్యాణదుర్గం బస్సు పట్టుకుని వచ్చింది. నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏమక్కా, అప్పుడు నేను కావల్లంటే నువ్వు వద్దంటివి. ఇప్పుడు మోస్తానంటే మళ్ళా నువ్వే వద్దంటాండావు. నా కడుపు మింద ఎప్పుడూ నీ సంతకమేనా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను నిలబెట్టి అడిగింది ఆమె ఒక్కతే. కూర్చున్నది నేనే అయినా అప్పుడు నిలబడ్డట్టే ఉంది నాకు.

మరి కరువని ఎందుకు చెప్పావని అడిగాను. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నేర్పారట. సిస్టరక్కకు కరువని చెబితే జాలిపడి తొందరగా రాసుకుంటుంది, ఇంకేం చెప్పినా వెయ్యి ప్రశ్నలు వేస్తుంది అన్నారట. తిప్పేస్వామి వైపు చూసింది కూడా, తాను సరిగ్గా అప్పజెప్పిందా లేదా అని.

"ఇప్పుడు నిజం చెప్పు" అన్నాను.

"చెప్తే నవ్వుతావు" అంది. నవ్వనని చెప్పాక అప్పుడు కూర్చుంది. "కడుపుతో ఉన్నప్పుడు నాకు బాగుంటాదక్కా. చేన్లో ఒక్కదాన్నే కలుపు తీస్తాన్నా ఒక్కదాన్నే అనిపీదు. లోపల బిడ్డ కదులుతాంటే దాంతో మాట్లాడుకుంటా సాలుకు సాలు పోయేదాన్ని. ఇంగొక్కసారి అట్ల ఉండల్లని ఆశ నాకు. ఆ పొద్దు నిన్ను అడిగిందీ దానికే. సాకే శక్తి మాకు ల్యాకపాయె, నువ్వు చెప్పిందీ నిజమే. ఈ బిడ్డను నేను మోస్తా, వాళ్ళు సాకుతారు. ఇంగేమి నీకు కష్టం?"

డబ్బు సంగతేమిటని అడిగాను. ఆమె నన్ను చూసిన చూపులో కాస్త జాలి కూడా ఉంది.

"దుడ్లూ కావల్ల. వద్దని ఎవురు చెప్పిరి? బోరు ఎండింది అబద్ధమా? దుడ్లు ఒకటే అయితే బెంగుళూరు పోయి బిల్డింగు పనిలో చేరేదాన్ని కదా, మా ఊరోళ్ళు సగం ఆడనే ఉండారు."

ఆ పొద్దు నిన్ను అడగలేదు, తప్పు నాదే అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. అది అయిపాయెలే అక్కా అని ఆమే నన్ను ఊరుకోబెట్టింది. ఆమె పోయాక మేడమ్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, పశ్చాత్తాపం పడాలంటే ఇంటికి పోయి పడు, ఆమె ఫారం మీద పడొద్దు అంది. ఇంత కటువుగా మాట్లాడినందుకు నేను ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. తగదు అన్నది కొట్టేసి, కారణం అన్నచోట ఇష్టం అని రాశాను. ఆ గడిలో ఆ మాట రాయడం అదే మొదలు.

ఆ సాయంత్రం బీరువాలోని పాత ఫారాలన్నీ దించి చూశాను. కరువు, కరువు, కరువు. మధ్యలో ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువులు నిండాయి, వేరుశనగ చేలు చూడముచ్చటగా ఉన్నాయి. నా ఫారాల్లో ఆ ఏడు కూడా కరువే. ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను, ఏం చేస్తాను మరి.

అడిగే తీరు

ఆ తర్వాత ఎందుకు అని అడగడం మానేశాను. ఎందుకు అంటే ఎదుటి మనిషి సంజాయిషీ చెప్పుకోవాలనుకుంటుంది. మనకు నచ్చే సంజాయిషీ ఏదో వెతికి చెబుతుంది. దానికి బదులు నీ కాన్పుల సంగతి చెప్పమ్మా అనేదాన్ని. అని ఊరుకునేదాన్ని. ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది, వాగుడుకాయను.

అప్పుడు బయటికొచ్చాయి అసలు సంగతులు. ధర్మవరం నేతగాళ్ళ ఇంటి కోడలు ఒకామె, కాపురానికి వచ్చింది మొదలు పగటిపూట నడుము వాల్చి ఎరగదట. ఈడైతే పడుకోమని మీరే చెప్తారంట కదా అని ఆశగా అడిగింది. బత్తలపల్లె దగ్గరి ఒకామెకు తన పేరు మీద ఇంత ఇంటి స్థలం కావాలి, మొగుడి పేరు మీద కాదు, తన పేరు మీద. ఇంకొకామె తోబుట్టువు పిల్లలు లేరని నానా మాటలూ పడి పడి మనిషే లేకుండా పోయింది, ఆమె కోసం ఎవరికైనా ఒక బిడ్డను కని ఇస్తే తన మనసు నెమ్మదిస్తుందంది. డబ్బు ప్రసక్తి అందరి దగ్గరా ఉంది. డబ్బు ఒక్కటే ఉన్నవాళ్ళు నాకు తక్కువే కనిపించారు. అలాంటివాళ్ళను కూడా నేను తక్కువ చేసి చూడలేదు. నేనూ జీతానికే కదా పనిచేసింది.

ఒక ప్రశ్న మాత్రం అందరినీ అడిగేదాన్ని. నువ్వు ఈ రోజు వద్దనుకుని ఇంటికి పోతే ఇంట్లో ఏమవుతుంది? ఏమవుతుందక్కా, ఏమీ కాదు అని తేలిగ్గా చెప్పినవాళ్ళకు సంతకం పెట్టాను. జవాబు చెప్పకుండా కొంగు వేలికి చుట్టుకున్నవాళ్ళను, గర్భసంచీ సరిగ్గా లేదని డాక్టరమ్మ చెప్పిందని చెప్పి పంపేశాను. అబద్ధమే. మేడమ్‌కు తెలుసు, ఏమీ అనలేదు.

తొమ్మిది నెలలు

అంజినమ్మ మోసింది పద్మావతమ్మ బిడ్డను. అనంతపురం పాత ఊళ్ళో వాళ్ళకు బట్టల అంగడి ఉంది. మొదటి కాన్పులోనే బిడ్డ పోయి, ప్రాణం మీదికి వస్తే గర్భసంచీ తీసేయవలసి వచ్చింది పద్మావతమ్మకు. అప్పటి నుంచి మొగుడితో పాటు అంగడిలో కూర్చునేది. ఇంట్లో ఉంటే గోడలు చూస్తా కూర్చోవల్ల సిస్టర్ అనేది.

మొదటిసారే పిండం నిలబడింది. ఐదో నెల నుంచి అంజినమ్మ కాపురాన్ని టౌనులో రెండు గదుల ఇంట్లో పెట్టించాం. పిల్లలిద్దరినీ పక్క బడిలో చేర్చారు. ఊళ్ళో ఏమని చెప్పారని తిప్పేస్వామిని అడిగాను. మా వైపు గొర్రెలను పాలుకు ఇవ్వడం ఉంది. గొర్రె ఒకరిది, మేపేది ఒకరు, ఈనాక పంచుకుంటారు. "మేము పాలుకు సాకుతాండామని చెప్పినా. అందరికీ అర్థమైపాయె" అన్నాడు ఎంతో తేలిగ్గా. అంజినమ్మ చేతిలోని చేట అతని వీపున పడింది. గొర్రె ఎవురప్పా ఈడ, నేనా అని అడిగింది. ముగ్గురం నవ్వాం.

ఆమె చెప్పింది నిజమేనని ఆ నెలల్లో కళ్ళారా చూశాను. చిక్కిన ముఖం నిండింది. సాయంత్రం ఊరికే అట్లా నడిచి వచ్చేది, నడుస్తూ లోపలి బిడ్డకు ఊరు చూపించేది. ఇది గడియారం స్తంభం, ఇది పూల అంగడి, ఈడ మల్లెలు పిరము, దుడ్లు ఎక్కువ చెప్తారురా నాయనా అని గొణుక్కుంటూ పోయేది. ఎవరైనా చూస్తే పిచ్చిది అనుకునేవాళ్ళు. ఇంత సంతోషంగా ఉన్న కడుపుతో మనిషిని నేను ఇన్నేళ్ళలో ఎక్కువ మందిని చూడలేదు.

నేను మాత్రం ఒక నియమం పెట్టుకుని దాన్ని పట్టుకుని కూర్చున్నాను. కనే తల్లి, పెంచే తల్లి ఒకరినొకరు చూసుకోకూడదు. చూసుకుంటే మమకారాలు పెరుగుతాయి, పేచీలు వస్తాయి అని నా భయం. పద్మావతమ్మ ఎన్నిసార్లు అడిగినా కుదరదన్నాను. గాజులు పంపితే నా చేత్తో ఇచ్చాను, ఎవరు పంపారో చెప్పలేదు. కాన్పు రోజు కోసం అంతా ముందే ఆలోచించి పెట్టుకున్నాను. అంజినమ్మకు ముందు వైపు గది, పద్మావతమ్మకు బిడ్డతో వెనక వైపు గది, కారు వెనక గేటు దగ్గర.

వెనక గేటు

ఆడబిడ్డ పుట్టింది. మామూలు కాన్పు, పెద్ద ఇబ్బంది లేదు. మూడో రోజు పొద్దున బిడ్డను ఇంటికి పంపాలి. కారు వెనక గేటు దగ్గర నిలబెట్టించి పద్మావతమ్మను రమ్మన్నాను. ఆమె బిడ్డను అత్త చేతికిచ్చి, సంచీలోంచి ఇత్తడి పళ్ళెం తీసింది. బియ్యం, పసుపు కొమ్ములు, వక్కలు, ఆకులు, కొబ్బరికాయ, రవిక గుడ్డ. ఒడి బియ్యం సామాను. మా వైపు పెళ్ళైన ఆడబిడ్డ పుట్టింటి నుంచి అత్తవారింటికి పోయేటప్పుడు ఒడి నింపి పంపుతారు, వట్టి ఒడితో పంపరు.

నేను అడ్డం నిలబడ్డాను. ఆమె గొంతు పెంచలేదు.

"వెనక గేటు నుంచి పోయేదానికి మేమేమన్నా దొంగతనం చేసినామా సిస్టర్?"

నేను పక్కకు తప్పుకున్నాను. అంజినమ్మ గది గుమ్మం దగ్గర అత్తగారు ఆగిపోయింది. పురుడు మైల కదా, మైలలో ఒడి ఎట్ల నింపుతావు అంది. పద్మావతమ్మ నిలబడి ఆలోచించింది. మైల ఎవరికత్తా, నాకా ఆమెకా అని అడిగింది. అత్తగారు నా వైపు చూసింది. నేను అప్పుడే అక్కడికి వచ్చిన మేడమ్ వైపు చూశాను. ఎవరికీ తెలియలేదు. ఆ తెలియనితనంలోనే పద్మావతమ్మ లోపలికి పోయింది.

అంజినమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పద్మావతమ్మ ఆమెను చూసి మొదట అడిగింది, రవిక సరిపోయిందా అని.

"సరిపోయి ఇంగా మిగిలిందక్కా. మీరే ఎక్కువ కత్తిరించిస్తిరి" అంది అంజినమ్మ.

ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. మెల్లగా అర్థమైంది. నేను గాజులు తెచ్చిచ్చిన సంచీ మీద అంగడి పేరు తిప్పేస్వామి చదివాడట. ఏడో నెలలో అంజినమ్మ రవిక గుడ్డ కొనడానికని ఆ అంగడికి పోయింది. పద్మావతమ్మ ఆమె ముఖం చూసింది, కడుపు చూసింది, చేతికున్న తన గాజులు చూసింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అడిగినదానికంటే అర మీటరు ఎక్కువ కత్తిరించి ఇచ్చిందంతే. నా నియమం చచ్చి రెండు నెలలైంది, నేనే దానికి కాపలా కాస్తున్నాను.

పద్మావతమ్మ ఐదు దోసిళ్ళ బియ్యం అంజినమ్మ ఒడిలో పోసింది. పసుపు కుంకుమ పెట్టింది. బియ్యం కొంత మంచం మీద పడ్డాయి. బిడ్డను చూస్తావా అని అడిగింది. అంజినమ్మ పసిదాని అరికాలు ఒకసారి ముట్టుకుని చెయ్యి తీసేసింది. "చాలక్కా. లోపలున్నప్పుడే అన్నీ మాట్లాడుకున్న్యాం" అంది. కళ్ళు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. పేచీ వస్తుందని నేను భయపడిన చోట వచ్చింది ఇదీ.

ఒడి బియ్యం పోయించుకున్న ఆడబిడ్డ అందులోంచి కాసిన్ని తీసి పుట్టింట్లోనే వేసిపోతుంది, ఆ ఇల్లు వట్టిపోకూడదని. అంజినమ్మ ఒక పిడికెడు తీసి పద్మావతమ్మ కొంగులో వేసింది. తర్వాత రెండు పిడికిళ్ళు తీసి నా వైపు తిరిగింది.

"కొంగు పట్టక్కా."

నాకెందుకమ్మా అన్నాను. నేనేమిచ్చాను నీకు?

"మా నాయన అడగల్యా, అత్త అడగల్యా, మొగుడు అడగల్యా, నీకేం కావల్ల అని. నువ్వడిగితివి. ఆలస్యమైనా అడిగితివి. పట్టు."

తెల్ల చీర కొంగు పట్టాను. ఆనాడు క్యాంపులో గోడవైపు తిప్పుకున్న ముఖం నాకు గుర్తుంది. ఇప్పుడు ఆ ముఖం నా వైపే ఉంది.

మధ్యాహ్నం ఇంటికి పోయి ఆ బియ్యం ఎసట్లో పోశాను. దాచుకోవాలని అనిపించలేదు. వేడి వేడి అన్నంలో ఇంత నెయ్యి వేసుకుని, ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాను. రెండు పిడికిళ్ళే, ఒక మనిషికి ఒక పూటకు సరిగ్గా సరిపోయాయి.